పురిటికొచ్చిన కొంగలు

మా ఇంట్లో డబ్బు లెక్క మావారిది, నీళ్ళ లెక్క నాది. రెండింట్లో ఏది కష్టమో మార్కాపురంలో కాపురం చేసిన ఆడవాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు. డబ్బు నిండుకుంటే పక్కింటికెళ్ళి చేబదులు అడగొచ్చు. నీళ్ళు నిండుకుంటే అడగడానికి పక్కింట్లో మాత్రం ఎక్కడున్నాయి? వాళ్ళూ మనలాగే వీధి చివర ట్యాంకరు హారను కోసం చెవులు రిక్కించుకుని కూర్చునుంటారు.

అందుకని మా సంపు పక్కన ఎప్పుడూ ఒక కర్ర ఉంటుంది. పాత దోమతెర కర్రే. దానిమీద మేకుతో గీతలు గీసి పెట్టుకున్నాను. పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఆ కర్ర లోపలికి దించి, తడి ఎందాకా వచ్చిందో చూసి, ఆ రోజు ఎవరికి తలంటో, ఏ దుప్పట్లు ఉతుక్కి పడాలో, ఏవి ఇంకో వారం అలాగే కప్పుకోవాలో తేలుస్తాను. మావారు ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నా కర్ర చూస్తే ఆయనకి నవ్వు. "పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే ఎన్ని లీటర్లో వచ్చేస్తుంది కదోయ్, ఈ కర్ర పూజ దేనికీ?" అంటారు. వస్తుంది, కాదనను. కానీ ట్యాంకరు ఎల్లుండి గానీ రాదన్న సంగతి ఆ గుణకారంలో రాదు కదా!

ఈ కర్ర విద్య నాకు మా అమ్మ నేర్పింది. సంపులో కాదు, చెరువులో.

మా పుట్టిల్లు కంభానికీ గిద్దలూరుకీ మధ్య ఒక చిన్న ఊరు. పడమటి దిక్కున నల్లమల కొండలు గోడ కట్టినట్టుంటాయి. గుంటూరు నుంచి నంద్యాల వైపు రైల్లో వెళ్ళినవాళ్ళు మా ఊరి చెరువుకట్టని కిటికీలోంచి చూసే ఉంటారు, కాకపోతే అది చెరువని పోల్చుకుని ఉండరు. ఏడాదిలో సగం రోజులు అది బీడులాగే ఉంటుంది. మా ఇంటి పెరటి తలుపు తీస్తే చెరువుకట్ట. కట్టకి అవతల తూము. తూముకి రెండు రాతి స్తంభాలు, ఒకదానిమీద పీటమీద కూర్చున్న వినాయకుడి బొమ్మ చెక్కి ఉంది. మా అమ్మకి కొలబద్ద ఆ వినాయకుడే. బొజ్జదాకా నీళ్ళుంటే ఆ ఏడు వరికి ఢోకా లేదు. పాదాల దాకా ఉంటే చూసి చూసి వాడుకోవాలి. పీట బయటపడిందంటే, "ఇంక పెళ్ళిళ్ళూ పేరంటాలూ మానుకోండర్రా" అనేది.

ఆ చుట్టుపక్కల చెరువు అంటే అందరికీ గుర్తొచ్చేది కంభం చెరువే లెండి. మాది దాని ముందు చేటంత. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేసి ఆ చెరువు కట్టించింది శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని మా వైపు చెప్పుకుంటారు. కట్ట ఎత్తు యాభై ఏడు అడుగులని తెల్లదొరల కాలం నాటి గెజిటీరులోనే రాశారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. ఆ కబురు మా అమ్మకి చెప్పి ఉంటే, "ఇన్నాళ్ళకా?" అనేదే. రాయలవారు ఎన్ని యుద్ధాలు గెలిచారో అమ్మకి తెలీదు గానీ, రాణిగారి చెరువు ఎన్ని కుండల్లో అన్నమై ఉడికిందో మాత్రం బాగా తెలుసు. "అత్తారింటికొచ్చి చెరువు తవ్వించిన కోడలు" అని ఆవిడ గురించి మాట్లాడేటప్పుడు నావైపు ఒక చూపు చూసేది. నేను అత్తారింటికెళ్ళి ఏమీ తవ్వించలేదని కాబోలు.

మా చిన్న చెరువులో, కట్టకి దూరంగా, నీళ్ళ మధ్యలో నల్లతుమ్మలు ఓ ముప్ఫై దాకా ఉండేవి. దీపావళి వెళ్ళాక ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే ఆ చెట్లు తెల్లగా కనిపించేవి. ముందు తెల్లకొంగలు, వాటి వెనకాల నల్లటి నీటికాకులు, అందరికన్నా ఆలస్యంగా, పెళ్ళికి పెద్ద ముత్తయిదువలు వచ్చినట్టు, ఎర్రకాళ్ళ కొంగలు. వాటిని దగ్గర్నుంచి చూశారా ఎప్పుడైనా? పసుప్పచ్చ ముక్కు, నారింజరంగు మొహం, రెక్కల చివర తోకమీదికి జారే గులాబీ రంగు ఈకలు. ఎవరో తీరిగ్గా కూర్చుని అద్దకం వేసినట్టుంటాయి. ఇంత అందమిచ్చిన దేవుడు గొంతు మాత్రం ఇవ్వలేదు. ముక్కు రెండు దవడలూ టకటకలాడించడమే వాటి మాటామంతీ.

"పురిటికొచ్చాయే" అనేది అమ్మ. ఇది మా అమ్మ ఒక్కతే కనిపెట్టిన మాట కాదని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. లేపాక్షి బసవన్నని చూడ్డానికి వెళ్ళినప్పుడు చిలమత్తూరు దగ్గర వీరాపురం వెళ్ళాం. అక్కడ ఈ ఎర్రకాళ్ళ కొంగలు చెరువులో కాదు, ఊరి నడిబొడ్డున, ఇళ్ళమీదికి వంగిన చింతచెట్లమీదే గూళ్ళు పెడతాయి. కింద వాకిళ్ళన్నీ రెట్టలతో సున్నం చల్లినట్టుంటాయి, వాసన సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఎవరూ ఒక్క రాయి విసరరు. "మా ఆడపడుచులమ్మా, కాన్పుకి పుట్టింటికొచ్చారు" అంది ఒకావిడ, ముగ్గు వేసిన చోటే పడ్డ రెట్టని చీపురుతో తోసేస్తూ. కర్ణాటకలో కొక్కరెబెళ్ళూరు అనే ఊళ్ళోనూ ఇదే మాటట. ఆడవాళ్ళు ఎక్కడైనా ఒకటే ఉపమానం చెప్తారు చూశారూ!

పుట్టింట్లో పురుడంటే మనకి తెలియందేముంది? మూడు కావాలి. గాలి తగలని గది, వేళకి తిండి, బయటివాళ్ళు లోపలికి రాకుండా చూసే ఒక పెద్ద దిక్కు. చెరువులోని తుమ్మచెట్టుకి ఆ పెద్ద దిక్కు నీళ్ళే. కోట చుట్టూ అగడ్త ఉన్నట్టు, చెట్టు చుట్టూ నీళ్ళుంటే కుక్కా రాదు, నక్కా రాదు, అడవిపిల్లీ రాదు, గుడ్ల కోసం చెట్లెక్కే కుర్రవెధవలూ రారు. పక్షి ఆ రోజు చూసుకునేది అదే. ఇవాళ నీళ్ళున్నాయా, ఉన్నాయి, ఇక్కడే గూడు. ఫాల్గుణానికి ఎంత ఉంటాయో దానికెవరు చెప్తారు? నెల రోజులు అటూ ఇటూగా పొదగాలి. పిల్ల బయటికొచ్చాక రెక్కలు గట్టిపడి ఎగరడానికి ఇంకో రెండు నెలలు. గూడు కట్టిన రోజు నుంచి లెక్కేస్తే దగ్గర దగ్గర నాలుగు నెలలు ఆ అగడ్త అలా నిలబడాలి.

అలాగని నీళ్ళు తగ్గడమే తప్పనుకుంటున్నారేమో, కాదు. నిండు చెరువులో చేప కొంగకి అందదు. నీళ్ళు కాస్త కాస్త తగ్గుతూ, చేపలన్నీ మడుగుల్లోకి చేరుతుంటేనే పిల్లల నోళ్ళు నిండేది. అంచేత నెమ్మదిగా తగ్గాలి, పిల్లలు ఎగిరే దాకా చెట్ల మొదళ్ళు తడిగా ఉండాలి. గంజి వార్చే గిన్నె వంచినంత జాగ్రత్త కావాలి. ముందు తగ్గితే ప్రమాదం, మరీ తగ్గితే చేపలే ఉండవు. అప్పుడు తల్లీతండ్రీ తిండి కోసం దూరం చెరువులకి పోవాలి, పోయినంతసేపూ గూటికి కాపలా ఉండదు, ఎండకి నీడా ఉండదు. పాపం మునుగుడుకోడి సంగతి ఇంకా అన్యాయం. అది నాచూ, జమ్ముపుల్లలూ పోగేసి నీళ్ళమీదే తేలే గూడు కడుతుంది. బయటికెళ్ళేటప్పుడు గుడ్లమీద తడినాచు కప్పి మరీ వెళ్తుంది, మనం పసిపిల్లమీద కొంగు కప్పి పొయ్యి దగ్గరికెళ్ళినట్టు. నీళ్ళు పోతే ఆ గూడు బురదమీద కుప్పలా కూలబడుతుంది. దాన్ని వెతకడానికి నక్క అక్కర్లేదు, కాకి చాలు.

మన రాష్ట్రంలో ఈ పురుళ్ళకి పేరు పడ్డ చోటు తిరుపతి జిల్లా నేలపట్టు. గూడబాతులు అక్కడ నీళ్ళలో నిలబడ్డ చెట్లమీదే గూళ్ళు పెడతాయి. 1976లో దాన్ని పక్షుల రక్షణ కేంద్రం చేశారు. గుంటూరు పక్కన ఉప్పలపాడులోనైతే పక్షులున్నది ఊరి చెరువులోనే, చెట్లు చాలక ఇనుపచెట్లు కూడా పాతారు. మద్రాసు దగ్గర వేడంతాంగల్ రైతులది మరీ ముందుచూపు. తుపాకులేసుకుని వేటకొచ్చే దొరల బాధ పడలేక, 1798లోనే చెంగల్పట్టు కలెక్టరు దగ్గర పక్షుల్ని ముట్టుకోకూడదని కాగితం రాయించుకున్నారు. పక్షులమీద ప్రేమేనా అంటే, ప్రేమా ఉంది, లెక్కా ఉంది. రెట్టలు కలిసిన చెరువునీళ్ళు పారితే పొలానికి వేరే ఎరువు అక్కర్లేదు.

ఇదంతా చెప్పి ఇంక అసలు సంగతి దాటేయడం భావ్యం కాదు.

1987 జనవరిలో నేను పురిటికి పుట్టింటికెళ్ళాను. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు ఆడపిల్ల పుట్టింది. పెరటివైపు గదిలో నులకమంచం, మంచం కింద కుంపటి, కిటికీకి గోనెపట్టా. ఆ పట్టా ఒక మూల కొద్దిగా చిరిగింది. పసిదానికి పాలిస్తూ ఆ చిరుగులోంచి చూస్తే సరిగ్గా తుమ్మచెట్లు కనిపించేవి. నా కూతురు ఏడుపు మొదలెట్టగానే అక్కడ కొంగపిల్లలు మొదలెట్టేవి. అర్ధరాత్రి కూడా! ఆ ఏడు చెట్లనిండా గూళ్ళే. ఎర్రకాళ్ళ కొంగలవే ఇరవై గూళ్ళకి తక్కువ లేవు.

కానీ కార్తీకంలో రావలసిన వాన ఆ ఏడు రాలేదు. మాఘమాసం వచ్చేసరికి వినాయకుడి పాదాలు దాటి నీళ్ళు పీట దగ్గరికొచ్చేశాయి. అటు మా వరి పాలు పోసుకునే దశలో ఉంది. వరి పండించే ఇళ్ళవాళ్ళకి చెప్పక్కర్లేదు, అప్పుడు ఒక్క తడి తప్పితే గింజంతా తాలే. ఇంకా చిత్రమేమిటంటే వరికి నాటు నుంచి కోత దాకా పట్టేదీ ఆ నాలుగు నెలలే. రెండు పురుళ్ళు, ఒక్కటే నీళ్ళు.

తూము తెరిచి మూసే నీరుగంటి తాత ఉండేవాడు మా ఊళ్ళో. ఆయన వచ్చి మా వసారాలో కూర్చుని నాన్నతో అన్న మాటలు గదిలో ఉన్న నాకు స్పష్టంగా వినిపించాయి.

"ఇంగ పదైదు దినాలు ఓర్చుకుంటే పిల్లలు ఎగిరిపోతాయి పెద్దాయనా. ఇప్పుడు తూము ఎత్తితే చెట్ల కింద బురదే."

"పదైదు దినాలకి నా మడి నెర్రెలిస్తది. నా ఒక్కడిదేనా, ఆయకట్టంతా అంతే గదా?" అన్నారు నాన్న. కాసేపాగి, "కొంగలకి రెక్కలున్నాయి. వచ్చే ఏడు ఇంకో చెరువు చూసుకుంటాయి. మనకి కాళ్ళే గదా ఉన్నాయి" అన్నారు.

"పెద్దవాటికి ఉన్నాయి పెద్దాయనా. పిల్లలకింకా లేవు."

నాన్న మాట్లాడలేదు. మా నాన్న చెడ్డవాడని మీరనుకుంటే నేనూరుకోను. నన్ను పురిటికి తీసుకురావడానికి, బారసాలకి, బాలింత పథ్యానికి, నా మెళ్ళోకి ఒక సన్న గొలుసుకి, అన్నిటికీ ఆ వరిమీదే అప్పు తెచ్చారాయన. మర్నాడు రైతులందరూ కట్టమీద కూర్చుని మాట్లాడుకున్నారు, సాయంత్రం తూము ఎత్తారు. తాతే ఎత్తాడు. ఆ పని ఆయనదే మరి.

మూడు రోజులు కాలవలో నీళ్ళు పారిన చప్పుడు. చల్లగా, హాయిగా ఉంటుందండీ ఆ చప్పుడు, ఆ రోజుల్లో కూడా అలాగే ఉంది. నాలుగో రోజుకి చెట్ల మొదళ్ళు బయటపడ్డాయి. బురద పైన పక్కు కట్టింది. ఆ రాత్రి కుక్కలు వెళ్ళాయి.

ఆ చప్పుడు నేను రాయను. పసిదాన్ని గట్టిగా పొదువుకుని, చెవిలో దూది పెట్టుకుని పడుకున్నానని మాత్రం చెప్తాను. తుమ్మలు పెద్ద ఎత్తు చెట్లు కావు. బెదిరిన పిల్లలు గూళ్ళలోంచి కింద పడుతుంటే కుక్కలకి ఎక్కే పని కూడా లేకపోయింది. పెద్ద కొంగలు చీకట్లో పైన తిరుగుతూ ముక్కులు టకటకలాడించాయి. అరవడానికి వాటికి గొంతు లేదని చెప్పాను కదూ.

తెల్లారగట్ల అమ్మ మంచంమీద లేదు. పట్టా చిరుగులోంచి చూస్తే, చీర మోకాళ్ళమీదికి ఎగ్గట్టి, ఇద్దరు కూలి ఆడవాళ్ళని వెంటేసుకుని, బురదలో చిల్లకంప ఈడ్చుకుపోతోంది. కొట్టిన కంపని చెట్ల మొదళ్ళ చుట్టూ గుండ్రంగా పేర్చింది. దొడ్లో కోళ్ళకి కట్టే కంచె లాగే. మధ్యాహ్నానికి రెండు చెట్లకే అయింది. ఇంటికొచ్చి, అరిచేతుల్లో ముళ్ళు పిన్నీసుతో తీసుకుంటూ కూర్చుంది. నాన్న భోంచేస్తూ ఆ చేతులవైపు ఒకసారి చూశారు. ఏమీ అనలేదు. అమ్మా ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నాన్న ఎద్దులబండి కట్టించి, బండెడు కంప కొట్టించి చెరువులోకి పంపారు.

తుమ్మలు ముప్ఫైలో తొమ్మిది చెట్లకి కంప వేయగలిగారు. ఆ తొమ్మిదింటిమీద పిల్లలు చాలామటుకు ఎగిరాయి. మిగతా చెట్ల సంగతి అడక్కండి. తరవాత నాలుగేళ్ళు ఎర్రకాళ్ళ కొంగలు మా చెరువు మొహం చూడలేదు.

వరి బాగా పండింది. అప్పు తీరింది, నా మెళ్ళో గొలుసూ నిలిచింది. ఐదో నెలలో మా అమ్మాయికి అన్నప్రాసన చేశారు, ఆ కొత్తబియ్యంతోనే. పరమాన్నం వెండిగిన్నెలో పెట్టి, ఉంగరంతో దాని నాలుకమీద రాసింది మా అమ్మే. పిల్ల చప్పరించి నవ్వింది. అందరం నవ్వాం.

ఆ అమ్మాయి ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటోంది. 2019లో మేం వెళ్ళినప్పుడు, "అమ్మా, నీకు నచ్చే చెరువొకటి చూపిస్తా" అని కొండలు దాటించి మోనో లేక్ అనే చోటికి తీసుకెళ్ళింది. చెరువంటే చెరువు కాదు, ఉప్పునీటి సరస్సు. చేపలే ఉండవు. నీళ్ళ పక్కన తెల్లటి సున్నపురాయి స్తంభాలు పుట్టల్లా లేచి ఉంటాయి. అవన్నీ ఒకప్పుడు నీళ్ళలో మునిగి ఉన్నవేనట. సరస్సులోకి రావలసిన సెలయేళ్ళని 1941 నుంచి సుమారు మూడువందల మైళ్ళ అవతలి లాస్ ఏంజెలెస్ నగరానికి మళ్ళించారు. నలభై ఏళ్ళలో మట్టం నలభై అయిదు అడుగులు పడిపోయింది. నీళ్ళ మధ్య నెగిట్ అని ఒక దీవి, దానిమీద వేలకొద్దీ గల్ పక్షులు గూళ్ళు పెట్టేవి. 1979లో నీళ్ళు తగ్గి ఆ దీవికీ ఒడ్డుకీ మధ్య నేల తేలింది. కయోటీ అని, మన నక్కకి పెద్దన్నలాంటి జంతువు, ఆ దారిన నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పక్షులు దీవి వదిలేశాయి.

అమ్మాయి ఇదంతా బోర్డుమీద చదివి తెలుగులో చెప్తోంది. నేను నోట్లో కొంగు కుక్కుకుని నిలబడ్డాను. అంత దూరం వెళ్ళీ నేను చూసింది మా చెరువే.

దాని అన్నప్రాసన బియ్యం సంగతి అప్పుడు చెప్పాను, ముప్ఫై రెండేళ్ళ తరవాత. కాసేపు ఏమీ అనలేదది. తరవాత, "లాస్ ఏంజెలెస్‌లో కుళాయి తిప్పి మొహం కడుక్కున్న వాళ్ళకి ఈ దీవి సంగతి తెలీనే తెలీదమ్మా. తాతయ్యకి తెలిసే చేశాడు కదా?" అంది. తెలిసే చేశారు. అందుకే బండి కట్టించారు కూడా. తెలియక చేసినవాళ్ళు నయమో, తెలిసి చేసి కంప పంపినవాళ్ళు నయమో నాకింకా తేలలేదు. మీకు తేలితే చెప్పండి.

అక్కడ ఒక్క విషయం మాత్రం నాకు భలే నచ్చింది. విద్యార్థులూ, ఊరివాళ్ళూ, పక్షిప్రేమికులూ కలిసి కోర్టుకెళ్తే, 1983లో వాళ్ళ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ సరస్సు ప్రజలందరి తరఫునా ప్రభుత్వం కాపాడాల్సిందేనంది. 1994లో నీటి బోర్డువాళ్ళు సరస్సుకి ఒక గీత గీశారు. సముద్రమట్టానికి 6,392 అడుగులు, అందాకా నీళ్ళు తేవాలి అని. ఆ గీత ఇంకా చేరుకోలేదు, అది వేరే సంగతి. గీత అంటూ ఉంది కదా! "చూశారా, నా కర్రని నవ్వేవారు" అన్నాను మావారితో. ఆయన టోపీ సర్దుకున్నారు.

ఇంక మా ఊరి చెరువు. అమ్మా లేదు, నాన్నా లేరు, నీరుగంటి తాత పోయి చాలా కాలమైంది. చెరువు తమ్ముడి తరానికొచ్చేసరికి పూడిక మేట వేసి సగం లోతయింది. వానకి నీళ్ళు తెచ్చే వాగు చిల్లకంపలో దారి తప్పింది. అప్పట్లో నా పక్షులకి కంచె అయిన ఆ కంపే ఇప్పుడు చెరువు నోరు మూసింది. ఆయకట్టులో బోర్లు పడ్డాయి, వాటి లోతు వందల అడుగుల్లోకి పోయింది, కొన్ని ఎండనూ ఎండాయి. వరి చాలామంది మానుకున్నారు. తమ్ముడు కంది, మినుము వేస్తున్నాడు, రెండెకరాల్లో మాత్రం తిండిగింజలకని వరి. తుమ్మల్లో మిగిలినవి పదకొండు.

ఈ ఏడు వానలు ఒక మోస్తరుగా పడ్డాయి. దీపావళి వెళ్ళిన మూడో వారం తమ్ముడు ఫోనులో ఫోటో పంపాడు. కొంగలు తెల్లచుక్కల్లా ఉన్నాయి. వాటి వెనక చెట్టుమీద నాలుగు మాత్రం కాస్త పెద్దవి, ముక్కులు పసుప్పచ్చగా. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మావారికి చూపించాను. "నాలుగే కదోయ్" అన్నారు. నాలుగంటే రెండు కాపురాలండీ!

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను, తూము సంగతేమిటని. నేనడుగుతానని వాడికి తెలుసు. రైతులందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడట. శివరాత్రి దాకా వినాయకుడి పీట కిందికి నీళ్ళు దిగనివ్వకూడదని అనుకున్నారట. అందరూ ఒప్పుకున్నారా అంటే, ఒకాయన ఒప్పుకోలేదు. ఆయనకి బోరు ఎండిపోయింది, ఉన్న ఎకరన్నరా వరే వేశాడు, కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు. ఆయన్ని నేనెలా తప్పు పట్టను? "ఆయన మడికి మన బోరు నీళ్ళు ఒక తడి ఇవ్వరా" అన్నాను. "మన బోరే రెండు గంటలకి మించి పోయడం లేదక్కా" అన్నాడు. ఆ రెండు గంటల్లో ఒక గంట ఇస్తానన్నాడు. ఇస్తున్నాడట కూడా. మరదలు మాత్రం నాతో రెండు వారాలు మాట్లాడలేదు, న్యాయమే.

అప్పట్నుంచి మా ఇంట్లో పొద్దున్న రెండు మట్టాలు చూస్తున్నాను. ముందు సంపు, తరవాత ఫోను. కాలిఫోర్నియా నుంచి మా అమ్మాయి కూడా, వాళ్ళ రాత్రి పడుకోబోయే ముందు, "పీట దాకా ఉన్నాయా అమ్మా?" అని అడుగుతోంది.

నిన్న సాయంత్రం తమ్ముడు మాట్లాడాడు. రెండు గూళ్ళలోనూ పిల్లలున్నాయట, రెక్కలు ఆడించడం మొదలెట్టాయట. పీట ఒక పక్క తేలిందట, రెండో పక్క తడిగానే ఉందట. శివరాత్రికి ఇంకా పందొమ్మిది రోజులుంది.

"కుక్కలో?" అన్నాను.

"కట్టమీద పడుకోని చూస్తా ఉండాయక్కా" అన్నాడు.